ప్రమాణం ఒకటే, కొలతలు రెండు



మా బాన్సువాడ వైపు చర్చిలో పెండ్లి చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పుస్తె కట్టినా, ఉంగరం తొడిగినా, అంతకు ముందు వధూవరులిద్దరూ అందరి ఎదుట నోరు విప్పి ప్రమాణం చేయాలి. బ్రతికినంత కాలం ఒకరికొకరు నమ్మకంగా ఉంటామని. అతనికొక మాట, ఆమెకొక మాట లేదు.

ఈ సమానత్వం ఈనాటిది కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయం చూడండి. భార్య దేహంపై భర్తకెంత అధికారమో, భర్త దేహంపై భార్యకూ అంతే అన్నాడాయన. దూరంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే ఉండాలట! ఆ రోజుల్లో రోమను చట్టానికి పెళ్ళయిన స్త్రీ దారి తప్పితేనే వ్యభిచారం. మగవాడు దాసితో తిరిగితే అడిగేవారు లేరు. మార్కు సువార్త పదవ అధ్యాయంలో యేసు కూడా, భార్యను విడిచి మరొకతెను చేసుకున్నవాడు ఆ భార్యకే ద్రోహం చేసినవాడన్నాడు.

ఈ బోధను మన జిల్లాలకు తెచ్చినవారు మెదకు, డిచ్‌పల్లిలలో పనిచేసిన వెస్లియన్ మెథడిస్టు మిషనువారు. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి.

మరి చట్టం ఏమంది? 1857 నాటి ఇంగ్లండు చట్టాన్ని చూసి, దొరలు 1869లో ఇక్కడి క్రైస్తవులకు విడాకుల చట్టం వ్రాశారు. భార్య తప్పు చేసిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు. భర్త తప్పు చేస్తే మాత్రం భార్యకు అదొక్కటే చాలదు. దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో, అలాంటిది మరొకటి కూడా రుజువు చేయాలి. ఉత్త దెబ్బలే తిన్న ఇల్లాలికి విడిగా ఉండే హక్కు దొరికేదే గాని, విడుదల లేదు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరుగు ఆకుకే అన్నట్లు!

ఇంగ్లండు తన తేడాను 1923లోనే దిద్దుకుంది. మనకు 1995లో కేరళ హైకోర్టు తీర్పు వచ్చాక గాని కదలిక రాలేదు. పార్లమెంటు 2001లో చట్టం మార్చింది. ఇప్పుడు ప్రధాన కారణాలు ఇద్దరికీ ఒకటే, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలూ ఉంది. 132 ఏళ్ళు పట్టిందమ్మా!

విడాకులు మంచివని నేననను. ఏ ఇంటి దీపమూ ఆరిపోకూడదనే మన కోరిక. కాని చట్టం మారినా మన నోళ్ళు మారాలి కదా? కొడుకు తప్పితే "మగపిల్లవాడు, వాడే దారికొస్తాడు" అనీ, కోడలు తప్పితే "కొంప ముంచింది" అనీ అంటున్నంత కాలం ఆ పాత చట్టం మన ఇళ్ళల్లో బ్రతికే ఉన్నట్లు. ఇద్దరూ చేసిన ప్రమాణం ఇద్దరికీ గుర్తు చేద్దాం. అది ఏ మతం ఇంటికైనా మేలే.