సాబూన్ ఎందుకు విరిగింది?

పోయిన రంజాన్‌కి ముందు తొర్రూరు నుంచి మా భాంజీ ఫోన్ చేసింది. "మామూ, సాబూన్ విరిగిపోయింది" అంది, గొంతులో ఏడుపు ఆపుకుంటూ. పాలు విరగడం విన్నాను గానీ సాబూన్ విరగడం వినలేదు. ఏం చేశావు బేటీ అని అడిగితే అసలు సంగతి చెప్పింది. ఈద్‌కి చుట్టాలకూ గల్లీ వాళ్ళకూ అమ్మడానికి నలభై సీసాల షాంపూ ఒప్పుకుందట. సబ్బు తురిమి, వేడినీళ్ళలో కరిగించి, కుంకుడు రసం కలిపింది. చర్మానికి పీహెచ్ అయిదున్నర ఉండాలని ఫోన్‌లో ఎవరో చెబితే, అది వచ్చేదాకా నిమ్మకాయలు పిండుతూ పోయింది. చూస్తుండగానే తెల్లటి తరకలు కట్టి పైకి తేలాయి, కింద మురికి నీళ్ళు మిగిలాయి. టైలరింగ్ మీద కూడబెట్టుకున్న నాలుగు వేల రూపాయలు మోరీలో పోశానంది.

ఆ అమ్మాయికి జవాబు చెబుదామని తారీఖ్ తిరగేస్తే, కథ మన ఇళ్ళలోనే మొదలైందని తెలిసింది.

మనం 'ఖార్' అనే దాన్ని ఇంగ్లీషు వాళ్ళు ఆల్కలీ అంటారు. ఆ మాట అరబ్బీ 'అల్-ఖలీ' నుంచి వచ్చింది. ఉప్పునేలల్లో పెరిగే మొక్కల్ని కాల్చిన బూడిద అది. ఆ బూడిదనీ జైతూన్ నూనెనీ ఉడికించి షామ్ దేశంలో సాబూన్ చేసేవారు. అలెప్పో, నాబ్లుస్ ఊళ్ళకు ఆ పేరు ఇప్పటికీ ఉంది. కార్డోబాలో వైద్యం చేసిన అబుల్ ఖాసిం అల్-జహ్రావీ (1013లో వఫాత్) రాసిన 'కితాబ్ అల్-తస్రీఫ్' ముప్ఫై భాగాల గ్రంథం. అందులో పందొమ్మిదో భాగం మొత్తం అత్తర్లు, జుట్టు, చర్మం నుస్ఖాలకే కేటాయించాడు. జర్రాహీకి బాద్షా లాంటి మనిషి ముఖానికి పూసుకునే వాటిని చిన్నచూపు చూడలేదన్నమాట.

తొర్రూరు చుట్టుపక్కల దీనికి వేరే రూపం. చాకలి వాళ్ళు బట్టలు ఉడకబెట్టే సౌడు మట్టి కూడా ఖారే. ఒంటికి మాత్రం అది ఎవరూ రుద్దుకోలేదు. తలకు కుంకుడుకాయ, శీకాయ. ఒంటికి శనగపిండి, పసుపు, పెరుగు కలిపిన ఉబ్టన్. బట్టలకు ఖార్ వైపు, మనిషికి తుర్షీ వైపు, అంటే పులుపు వైపు. ఎవరూ రాసిపెట్టకపోయినా ఈ హద్దు ఇల్లిల్లూ పాటించింది.

కొలిచే పరికరం లేదా అంటే, ఉంది. పసుపు. మాంఝా నాడు పెళ్ళికూతురి బట్టలకు అంటిన పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడటం మీరంతా చూసే ఉంటారు. మళ్ళీ మంచినీళ్ళలో జాడిస్తే పసుపే. మా నానీమా దాన్ని 'సాబూన్ గుస్సా' అనేది. మన పక్కింటి హిందూ అక్కలు పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఇదే సూత్రం మీద. అయితే పసుపు ఖార్‌నే పడుతుంది, పులుపు ఎంతో చెప్పదు. దానికి మందారం ఉంది. ఎర్ర మందార రేకులు నానబెట్టిన నీళ్ళలో నిమ్మ చుక్క పడితే గులాబీ ఎరుపు, సబ్బు నీళ్ళు పడితే పచ్చదనం. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ రంగుల మీద కితాబు అచ్చువేసి, వయొలెట్ పూల షర్బత్‌తో పులుపునీ ఖార్‌నీ వేరుచేసి చూపింది 1664లో. మందారం పెరట్లో అంతకుముందే ఉండి ఉంటుంది, కితాబు మాత్రం లేదు.

మెహెందీ సంగతైతే మరీ స్పష్టం. ఆకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. పొడిని ఉత్త నీళ్ళతో కలపకుండా నిమ్మరసమో చింతపండు పులుసో వేసి రాత్రంతా ఉంచుతారు. పులుపులో రంగు నిదానంగా బయటికొస్తుంది, తొందరగా పాడవదు. చాంద్ రాత్‌కి ముందురోజే గిన్నె మూతపెట్టి పక్కన పెట్టే ఖాలాలందరూ చేసింది పీహెచ్ సర్దుబాటే.

ఆ 'పీహెచ్' అనే హిసాబ్ మాత్రం కొత్తది. 1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పెట్టాడు. అది కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల, అంటే బీరు కంపెనీది. ఇల్మ్ ఏ దుకాణంలో దొరికినా తెచ్చుకోవలసిందే! 7 అంటే మధ్యస్థం, తగ్గేకొద్దీ తుర్షీ, పెరిగేకొద్దీ ఖార్. మెలిక ఏమిటంటే ఒక్కో మెట్టుకు పదిరెట్లు తేడా. నిమ్మరసం సుమారు 2, చర్మం సుమారు 5. మూడు మెట్లే కదా అనుకుంటే అది వెయ్యి రెట్లు. ముఖానికి నేరుగా నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి పోయి మచ్చలు తెచ్చుకునే అమ్మాయిలకు ఈ లెక్క ఎవరైనా చెప్పాలి.

నిమ్మకాయతో ఇంకో రిష్తా కూడా ఉంది. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మజాతి పళ్ళ రైతుల సంఘంలో పనిచేసే ఒక కెమిస్టు, రసం పులుపు కచ్చితంగా కొలవలేకపోతున్నానని తన పాత క్లాస్‌మేట్ ఆర్నల్డ్ బెక్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. బెక్‌మన్ చేసిచ్చిన పెట్టె నుంచే నేటి పీహెచ్ మీటరు వచ్చింది.

చర్మం మీద పల్చటి పులుపు పొర ఒకటి ఉంటుందని, దానికి 'ఆమ్ల కవచం' అని పేరు పెట్టినవారు జర్మనీ డాక్టర్లు షాడె, మార్కియోనిని. అది 1928. నాజీల కాలంలో మార్కియోనిని 1938లో టర్కీ చేరి, అంకారాలో పదేళ్ళు చర్మరోగాల వైద్యం చేసి, నేర్పించాడు. ఈ కవచాన్ని యునానీ 'మిజాజ్' అనేవాళ్ళు కొందరున్నారు. నేను ఒప్పుకోను. గర్మ్, సర్ద్, తర్, ఖుష్క్ అని హకీంలు చూసేది మనిషి మొత్తాన్ని, పీహెచ్ చూసేది ఒక్క గుణాన్ని. రెండింటినీ కలిపి గొప్పలు చెప్పుకుంటే రెండింటికీ అన్యాయం.

ఇక మా భాంజీ సాబూన్. నూనెలోని కొవ్వు ఆమ్లానికీ ఖార్‌కీ జరిగిన నికాహ్ పేరే సాబూన్. అందుకే దాని పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది, ఉండి తీరాలి. నిమ్మరసం మధ్యలో దూరితే ఖార్ దానితో వెళ్ళిపోతుంది, కొవ్వు ఒంటరిదై తెల్లగా తేలుతుంది. అదే విరగడం. అయిదున్నరకి దించిన సాబూన్ ఇక సాబూన్ కాదు. కంపెనీ షాంపూలు ఆ అంకె దగ్గర నిలబడతాయంటే వాటిలో నురగనిచ్చేది సబ్బు కాదు, వేరే సరుకు.

ఇక్కడే నాకు నానీమా చెంబు గుర్తొచ్చింది. తలకు సబ్బు పెట్టిన రోజున చివర్లో ఒక చెంబు నీళ్ళలో అరచెక్క నిమ్మ పిండి పోసేది. తరవాణి ఉంటే అది. బోరు నీళ్ళ ఉప్పుకు సబ్బు జిడ్డుగా వెంట్రుకలకు పట్టుకుంటే, ఆ పులుపు నీళ్ళు వదిలించేవి. ఆమె సబ్బులో నిమ్మ కలపలేదు, సబ్బు తర్వాత వాడింది. వీడియోలో ఆ ఒక్క 'తర్వాత' జారిపోయింది.

హనుమకొండలో పీహెచ్ పట్టీలు కొనుక్కుని, ఖమ్మం రోడ్డు బస్సెక్కి తొర్రూరు వెళ్ళాను. జిల్లాలు మారి మహబూబాబాద్‌లో కలిసినా మాకింకా అది వరంగల్ తొర్రూరే. ఈసారి సబ్బు లేదు. ఉత్త కుంకుడుకాయ, శీకాయ ఉడికించి వడగట్టాం. రసం గోధుమరంగు కాబట్టి పట్టీ చదవడం కష్టం. ఒక అంచు మాత్రమే తడిపి, పైకి పాకిన తడి దగ్గర రంగు పోల్చాం. ఏమీ కలపకుండానే 4కీ 5కీ మధ్య! కుంకుడులో నురగనిచ్చేవి సపోనిన్లు. వాటికి ఖార్‌తో నికాహ్ లేదు కాబట్టి పులుపుకు విరగవు. (కళ్ళు మండేది కూడా వాటి వల్లే, పులుపు వల్ల కాదు.)

ఒక చిక్కు ఉంది. కుంకుడు రసం రెండు మూడు రోజుల్లో కుళ్ళు వాసన కొడుతుంది. పచ్చళ్ళ కంపెనీలు వాడే సోడియం బెంజోయేట్ వేయవచ్చు, కానీ అది పులుపులోనే పనిచేస్తుంది. 5 దాటితే దండగ. అందుకే నిమ్మ ఉప్పు నీళ్ళలో కరిగించి, చుక్క చుక్కగా వేసి, కలిపి, కాసేపాగి, మళ్ళీ పట్టీ ముంచి, నాలుగున్నర దగ్గర ఆపాం. గంటన్నర పట్టింది. నిమ్మకాయల్లో ఒకటి పుల్లగా, ఒకటి చప్పగా ఉంటాయి, నిమ్మ ఉప్పుకు ఆ పేచీ లేదు.

ఇరవై సీసాలే అయ్యాయి. ఒక్కోదాని మీద తయారైన తారీఖు రాసి, ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూడమని చీటీ అంటించింది. మిగిలిన ఇరవై మందికి ఈద్ తర్వాత ఇస్తానని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. ఇద్దరు మాత్రం పైసలు వాపస్ అడిగారు.