అంతకు మించి ఎవరికి కావాలి?

2012లో ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. న్యూజెర్సీలో మా క్లయింట్ దగ్గర లావాదేవీలు నమోదు కావడం ఆగిపోయింది. లాగిన్ అయి చూస్తే చివరి లావాదేవీ నంబరు 2147483647. ముప్ఫై రెండు బిట్లలో ప్లస్సో మైనస్సో చెప్పడానికి ఒకటి పోగా, మిగిలిన ముప్ఫై ఒకటిలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. ఆ టేబుల్ డిజైన్ చేసింది నేనే. "రెండు వందల కోట్ల పైచిలుకు! అంతకు మించి ఎవరికి కావాలి?" అన్నదీ నేనే.

తెల్లారేలోగా సరిచేశాం గాని, సిగ్గు కొన్నాళ్ళు పోలేదు. ఆ సంఖ్య గురించి చదివాక తెలిసింది, సరిగ్గా అక్కడే నాకంటే ముందు ఒక పెద్దమనిషి బోర్లాపడ్డాడని.

ముప్ఫై ఒక్క రెండ్లని వరసగా గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఈ సంఖ్య. ఇది ప్రధాన సంఖ్య అని ఇటలీలో కటాల్డి 1603లో అన్నాడు గాని నిరూపించలేదు. తేల్చింది ఆయిలర్, 1772లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అప్పటికి ఆయనకి అరవై దాటాయి, చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, అంటే సుమారు 4,800 సార్లు, భాగించి చూడాలి. ఆయిలర్ ముందు ఆలోచించాడు. దీనికి ప్రధాన భాజకం అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగలాలి. ఆ జల్లెడలో నిలిచే సంఖ్యలు 372కి మించవు. వాటిలో ఏదీ దీన్ని భాగించలేదు.

ఇలాంటి ప్రధాన సంఖ్య దొరికితే దాన్నుంచి ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ నాటి నుంచీ తెలుసు. అంటే 6 లాంటిది: 1, 2, 3 దాని భాజకాలు, కూడితే మళ్ళీ 6. ఆయిలర్ సంఖ్య నుంచి వచ్చేది 19 అంకెలది. ఇంతకంటే పెద్దది ఎప్పటికీ దొరకదని ఇంగ్లండులో పీటర్ బార్లో 1811లో రాశాడు. ఇవి వింతకే గాని పనికిరావు కనుక ఎవరూ వెతకబోరని ఆయన వాదన.

1876లో ఫ్రాన్సులో లూకా కొత్త పద్ధతిలో 39 అంకెల ప్రధాన సంఖ్యని తేల్చాడు. దాంతో బార్లో జోస్యం పోయింది. 2024 అక్టోబరులో దొరికిన ప్రధాన సంఖ్యకి 4,10,24,320 అంకెలు!

పనికిరావన్న మాటా నిలవలేదు. ఒక సంఖ్యని 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషంతో మళ్ళీ అదే చేస్తూ పోండి. 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే మొదటిది తిరిగొస్తుంది. భాగించేది ప్రధాన సంఖ్య కాబట్టే ఇది సాధ్యం. కంప్యూటర్లో పాచికలు వేసినట్టు సంఖ్యలు పుట్టించే ఈ పద్ధతి 1969లో అచ్చయింది. ఎమ్మెస్‌లో హోంవర్కుగా నేనూ రాశాను. ఆ సంఖ్యే ఎందుకని అప్పుడు అడగలేదు.

1970 నుంచి సెకన్లని ముప్ఫై రెండు బిట్లలో లెక్కపెడుతున్న పాత ప్రోగ్రాములు 2038 జనవరి 19న ఇదే సంఖ్యకి చేరతాయి. వాటిని రాసినవాళ్ళలోనూ "అంతకు మించి ఎవరికి కావాలి" అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. ఇప్పుడు మా టీములో కుర్రాళ్ళెవరైనా ఆ మాట అంటే ముందు బార్లో కథ చెబుతాను. నా కథ ఆ తర్వాత.