కూతురి పెండ్లి – కరువుకు బీమా

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పము వరకు పోవు దారిలో మెట్టచేలే ఎక్కువ. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు రాగి, వేరుశనగ. వాన బొత్తిగా ముఖము చాటువేసిన ఏడు పశువులకు మేత కూడ కరువే. 1876-78 నాటి మహాక్షామము రాయలసీమను కుదిపివేసినది. అది ధాత నామ సంవత్సరమున మొదలైనందున దానికి ‘ధాత కరువు’ అని పేరు వచ్చినది.

కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. పడమట కోలారు, దక్షిణమున కృష్ణగిరి. ఆ ప్రక్కలకు పిల్లనిచ్చుట, అచ్చటి పిల్లను తెచ్చుకొనుట ఇచ్చట వింత కాదు. “అంత దూరమేల ఇచ్చితిరి?” అని అడిగినచో, “మేనరికము, ఎరిగిన సంబంధము” అని జవాబు వచ్చును. ఇట్టి పెండ్లికిని, కరువుకును సంబంధము కలదా? కలదని చూపిన పరిశోధన ఒకటి తెలుగు పల్లెల లెక్కల ఆధారముతోనే జరిగినది.

1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఏర్పడినది. ఈ సంస్థ 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్క ఊరిలో 40 కుటుంబముల జీవనమును పరిశీలింపసాగినది. వానిలో ఔరేపల్లె, డోకూరు అను రెండు ఊళ్లు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి, తక్కినవి మహారాష్ట్రలోనివి. పరిశోధకులు ఊళ్లలోనే కాపురముండి, కొన్ని వారముల కొకసారి ప్రతి ఇంటికి పోయి రాబడి, ఖర్చు, కూలి, అప్పు వ్రాసికొనిరి. 1976-78 మధ్య ఇంటిలో ఎవరెవరు ఏమి తినిరో కూడ విడివిడిగా అడిగి, వారి ఎత్తు, బరువు కొలిచిరి. ఇవి మన సీమ గ్రామములు కాకపోయినను, వాన నమ్ముకొన్న మెట్టపల్లెలే.

ఆ లెక్కలను మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అను ఆర్థికవేత్తలు పరిశీలించి 1989లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారి తర్కము సులభమైనది. వాన రాకపోయినచో నా చేనితో పాటు పొరుగువాని చేను కూడ ఎండును. ఇరువురికి ఒకేసారి కష్టము వచ్చినప్పుడు ఎవరు ఎవరికి అప్పిత్తురు? దూరపు ఊరిలో వాన వేరు, పంట వేరు. అచ్చట వియ్యంకుడున్నచో ఈ ఏడు అతడు మనకు, మరొక ఏడు మనమతనికి ఆదుకొనవచ్చును. పూర్వపు చుట్టరికము ఉన్నందున మాట తప్పునను భయము తక్కువ. లెక్కలు ఈ ఊహను సమర్థించినవి. ఇట్టి సంబంధములు గల ఇండ్లలో తిండి ఖర్చు ఏటేట అంతగా ఒడుదుడుకులకు లోను కాలేదు. సేద్యపు రాబడి నిలకడ లేని ఇండ్లు కూతుళ్లను మరింత దూరమిచ్చుచుండినవి.

అనగా కూతురి పెండ్లి ఇంటికి ఒక బీమా. పుట్టినిల్లు విడిచి దూరము పోవు ఆడపిల్ల దానికి చెల్లించిన కిస్తు. దగ్గరి మేనరికములో ఆరోగ్యమునకు మరియొక ముప్పు కూడ కలదు. మేనమామను పెండ్లాడిన స్త్రీ బిడ్డకు, ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికుని నుండి వచ్చు అవకాశము 8లో 1 వంతు. మేనత్త కొడుకైనచో 16లో 1 వంతు. మరుగున నున్న వంశపారంపర్య వ్యాధులు అట్టి బిడ్డలలో బయటపడుట ఎక్కువ.

కరువు భారము కంచములో కూడ కనిపించినది. జెరె బెర్మన్ 1988లో ఆ ఆహారపు లెక్కలనే పరిశీలించగా, గింజలు నిండుకొన్న నెలలలో తల్లిదండ్రుల మొగ్గు మగపిల్లల వైపు కనబడినది. పంట చేతికి వచ్చిన నెలలలో అంతగా కానరాలేదు. 1990లో ఆయనయు, అనిల్ దేవలాలికరును కలిసి ప్రకటించిన వ్యాసములో, తిండి ధరలు పెరిగినప్పుడు మగవారి కంటె ఆడవారి ఆహారమే ఎక్కువ తగ్గుచున్నదని తేలినది.

ఇందలి ముఖ్యాంశమును ఉపాధ్యాయులు గమనింపవలెను. పంట నెలలలో లేని భేదము లేమి నెలలలో తలయెత్తినదనగా, తిండికి భరోసా కలిగించినచో అది తగ్గునని ఆశింపవచ్చును. అట్టి భరోసాను కూతురి పెండ్లి మీద గాక, ప్రభుత్వము మీద మోపు ప్రయత్నములు కూడ ఆ కాలముననే మొదలైనవి. 1975లో అంగన్‌వాడీలు, 1983లో రాష్ట్రమున 2 రూపాయలకు కిలో బియ్యము, 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైన ఉపాధి హామీ అట్టివే. ఇవి దూరపు వియ్యంకుడు చేయు పనిలో కొంత భాగమును తమపై వేసికొన్నవి.

విద్యార్థులు ఒక పని చేయవచ్చును. మీ అవ్వ, మేనత్తలు, పెద్దమ్మలు ఏ ఊరి నుండి ఏ ఊరికి కోడండ్రుగా పోయిరో అడిగి పటములో గీతలు గీయుడు. కరువు వచ్చిన ఏడు గింజలు గాని, డబ్బు గాని ఆ గీతల వెంట వచ్చినవా అని కూడ అడుగుడు. ఆ ఏడు ఇంటిలో చివర భోజనమునకు కూర్చున్నవారెవరో, వారికి ఏమి మిగిలినదో తప్పక అడుగుడు.