అమ్మకూడని చేప

న్యూజిలాండ్ ఉత్తర దీవి నడిబొడ్డున, టొంగరిరో నది ఒడ్డున, తూరంగి అనే చిన్న ఊరుంది. ట్రౌట్ చేపల వేటకు ప్రపంచ రాజధాని తమదేనని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. గాలపు సామాన్ల దుకాణాలు, వేటకు వచ్చేవాళ్ళకు బసలు, వాళ్ళను నదిలోకి తీసుకెళ్ళే గైడ్లు అక్కడ మామూలే. అయినా ఆ ఊళ్ళో ఏ హోటల్లోనూ ట్రౌట్ వంటకం అమ్మరు. చేపల మార్కెట్లోనూ దొరకదు. మీరు పట్టి తెచ్చిన చేపను హోటల్ వంటవాడు మీకు వండిపెట్టవచ్చు గానీ, తాను కొని, వండి, ఇంకొకరికి అమ్మితే నేరం. ట్రౌట్ అమ్మకం దేశమంతటా నిషిద్ధం. వాణిజ్యపరంగా చెరువుల్లో పెంచడానికీ వీల్లేదు. అంతేకాదు, నది తన పొలంలోంచి పారుతున్నా సరే, అందులో చేపలు పట్టుకునే హక్కును రైతు డబ్బుకు అమ్ముకోకూడదు.

మరి వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన అతిథికి గైడ్ అమ్ముతున్నదేమిటి? చేప అతనిది కాదు, నది అతనిది కాదు. అతను అమ్ముకునేది తన చూపును, నీటి మీద తనకున్న ఎరుకను. ఈ వింత వృత్తి వెనక నూట అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మంచుగడ్డలున్నాయి, నాచు ఉంది, భూస్వాముల మీద వలసదారుల కసి ఉంది. తన నీళ్ళను పోగొట్టుకున్న ఒక మావోరీ మూలవాసి తెగ కూడా ఉంది. అతిథులకు మొదటి మూడూ ఇష్టంగా చెబుతారు. నాలుగోది చెప్పకపోతే ఈ చరిత్ర సగమే.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో అక్కడి మంచి ట్రౌట్ నదులన్నీ ఎస్టేట్ల గుప్పిట్లో ఉండేవి. హాంప్‌షైర్‌లోని టెస్ట్ నది మీద 1822లో ఏర్పడ్డ హౌటన్ క్లబ్‌లో కొద్దిమంది సంపన్నులకే సభ్యత్వం. ఒడ్డున కాపురముండే కూలీ అదే నీటిలో గాలం వేస్తే దొంగ కింద లెక్క. స్కాట్లండులో వేటకు వచ్చిన దొరల వెంట ‘గిల్లీ’ అనే పనివాడు నడిచేవాడు. పడవ నడపడం, సామాను మోయడం, చేప ఉన్న చోటు చూపించడం అతని పని. ఇప్పటి గైడ్‌కు పూర్వీకుడు అతనే. కాకపోతే అతను ఎస్టేటు నౌకరు.

ఆ దేశం వదిలి దక్షిణార్ధగోళానికి వలస వెళ్ళినవాళ్ళ మనసులో రెండు కోరికలుండేవి. సొంతూరి చేప కావాలి. దాని మీద భూస్వామి పెత్తనం మాత్రం వద్దు.

ఆ చేప మీద అంత మోజు ఎందుకంటే, దాన్ని పట్టే పద్ధతే వేరు. ఫ్లై ఫిషింగ్‌లో వానపాము, పిండి ముద్ద లాంటి ఎరలుండవు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి ఈగలా, పురుగులా తయారుచేస్తారు. దానికి బరువేమీ ఉండదు. బరువంతా దారానిదే. కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతూ ఆ దారాన్ని గాల్లో చాచి, పురుగు నిజంగా రాలిపడినంత తేలిగ్గా నీటి మీద వాలేట్టు చేయాలి. ఏ మాత్రం మొరటుగా పడినా చేప బెదిరి పోతుంది.

అయితే ట్రౌట్ చల్లని నీటి చేప. దాన్ని ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వైపుకు చేర్చాలంటే ఓడ భూమధ్యరేఖ దాటాలి. దాదాపు మూడు నెలల ప్రయాణంలో ఉష్ణమండలపు ఎండ కింద గుడ్లు బతకాలి. ముందుగా తేవాలనుకున్నది సాల్మన్ చేపను. 1852లో ఒకసారి, 1860లో ఒకసారి, 1862లో మరోసారి ప్రయత్నించారు. ప్రతిసారీ గుడ్లు దారిలోనే చచ్చాయి. టాస్మేనియాలో స్థిరపడి లండన్‌కు తిరిగి వచ్చిన జేమ్స్ యూల్ పట్టు వదల్లేదు. వెన్‌హామ్ లేక్ ఐస్ కంపెనీ వారి మంచు కొట్టులో గుడ్లను పెట్టి, ఎన్నాళ్ళు బతుకుతాయో చూశాడు. పారే నీరు అక్కర్లేదని, తడి నాచులో పొదిగి మంచు చల్లదనంలో ఉంచితే గుడ్డులో పిల్ల ఎదుగుదల బాగా నెమ్మదిస్తుందని తేలింది. గుడ్డు చావకుండా కాలాన్ని సాగదీయగలిగాడన్నమాట.

1864 జనవరి 21న ‘నార్ఫోక్’ అనే ఓడ ఇంగ్లండు వదిలింది. చిన్న చిన్న పైన్ చెక్క పెట్టెలు, అడుగున బొగ్గు పరుపు, దాని మీద తడి నాచు, నాచు గూటిలో గుడ్లు, వాటి మీద మళ్ళీ నాచు. ఆ పెట్టెల మీద మంచుదిమ్మలు పేర్చారు. లోపల లక్షకు పైగా సాల్మన్ గుడ్లున్నాయి. బయలుదేరే ముందు ఫ్రాంక్ బక్లండ్, ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు చేపల నిపుణులు తమ దగ్గరున్న కొద్ది వేల ట్రౌట్ గుడ్లను కూడా అందులో చేర్చారు. యూల్ అడిగినవి కావవి. ఏప్రిల్ మధ్యలో ఓడ మెల్‌బోర్న్ చేరింది. అక్కడి నుంచి పెట్టెలను టాస్మేనియాకు తరలించి, ప్లెంటీ అనే ఊళ్ళో తవ్వి సిద్ధంగా ఉంచిన కుంటలకు చేర్చారు. మే 4న మొదటి ట్రౌట్ పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికొచ్చింది. బతికిన ట్రౌట్ పిల్లలు సుమారు 300.

అందరూ ఎదురుచూసిన సాల్మన్ పిల్లలు పెరిగి, సముద్రంలోకి వెళ్ళాయి. వరదనీటికి గోదావరికి ఎదురెక్కే పులసలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టే వేళకు సముద్రం నుంచి నదికి రావాలి. రాలేదు. మళ్ళీ మళ్ళీ తెచ్చి వదిలినా రాలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని ట్రౌట్ మాత్రం నదుల్లోనే ఉండిపోయి, పెరిగి, పిల్లల్ని పెట్టింది. ఆ కుంటలకు ఇప్పటికీ ‘సాల్మన్ పాండ్స్’ అనే పేరు.

ఇదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అలాంటి ప్రయత్నం జరిగింది. మద్రాసు సైన్యంలో వైద్యుడు, ఆ తరువాత భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరులకు ట్రౌట్ తేవాలని చూసి విఫలమయ్యాడు. 20వ శతాబ్దం మొదట్లో అవలాంచి దగ్గర హెచ్.సి. విల్సన్ హేచరీ నడిపాకే ఆ కొండవాగుల్లో ట్రౌట్ నిలదొక్కుకుంది.

న్యూజిలాండ్‌కు టాస్మేనియా నుంచి ట్రౌట్ గుడ్లు వచ్చింది 1867లో. తెప్పించినవి ‘అక్లిమటైజేషన్ సొసైటీలు’. కొత్త దేశానికి పాత దేశపు జంతువులను, పక్షులను, చేపలను అలవాటు చేయడం కోసం వలసదారులు 1860లలో ఊరూరా పెట్టుకున్న సంఘాలివి. మొదటి విడతలో కాంటర్‌బరీలో బతికిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఆ నదుల్లో పోటీపడే పెద్ద చేపలు తక్కువ. పురుగులు పుష్కలం. నీరు అద్దంలా ఉండేది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి దక్షిణ దీవి నదుల్లో బ్రౌన్ ట్రౌట్ నిండిపోయింది. 1883లో ఆక్లండ్ సొసైటీ కాలిఫోర్నియా నుంచి రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు తెప్పించింది. ఆ జాతిని 1890ల చివర్లో టౌపో సరస్సులో వదిలారు.

టౌపో మామూలు సరస్సు కాదు. అగ్నిపర్వతం పేలి ఏర్పడ్డ గుంటలో 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నీరు. కాలిఫోర్నియాలో సముద్రానికి వెళ్ళి వచ్చే రెయిన్‌బోకు ఇక్కడ సరస్సే సముద్రమైంది. చలికాలం రాగానే టొంగరిరోలోకి ఎదురీది గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. పది పౌన్లు దాటిన చేపలు పడుతున్నాయన్న వార్త ఇంగ్లండు, అమెరికా దాకా పాకింది.

ఆ చేపలు తిని పెరిగింది దేన్ని? కోఆరో అనే చిన్న దేశవాళీ చేపను. సరస్సు నుంచి నీరు బయటికి పోయే దారిలో హుకా జలపాతం ఉండడంతో, మిగతా మావోరీలకు ప్రధాన ఆహారమైన ఈల్ చేప టౌపోకు ఎక్కి రాలేదు. అందుకే సరస్సు చుట్టూ ఉండే న్గాతి తూఫరెతోవా తెగకు కోఆరోనే ఆధారం. వలలతో పట్టి, ఎండబెట్టి, దాచుకుని తినేవాళ్ళు. ట్రౌట్ వచ్చాక కొన్నేళ్ళలోనే కోఆరో తరిగిపోయింది. తినేది కరువై ట్రౌట్ కూడా చిక్కిపోయింది. 1910లలో ప్రభుత్వం వలలు వేసి ట్రౌట్‌ను తోడేయాల్సి వచ్చింది. 1930లలో స్మెల్ట్ అనే మరో చిన్న చేపను తెచ్చి వదిలింది. ట్రౌట్ కోసం ఆ చేప వచ్చింది. తూఫరెతోవా వాళ్ళ కోఆరో కోసం కాదు. పైగా తాతముత్తాతల నీళ్ళలో ఇప్పుడు ఈదుతున్న చేపను పట్టాలంటే వాళ్ళకే లైసెన్సు కావాలి.

భూస్వామి పెత్తనం వద్దనుకున్న వలసదారుల ఆదర్శం ఇక్కడే చిక్కులో పడింది. టొంగరిరో ఒడ్డు మావోరీలది. దాటి వెళ్ళేవాళ్ళ దగ్గర రుసుము తీసుకునే హక్కు తమకుందని వాళ్ళు భావించారు. వేటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. 1926లో చట్టం వచ్చింది. సరస్సు అడుగునేల, అందులోకి వచ్చే నదుల అడుగునేల ప్రభుత్వపరమయ్యాయి. గట్టు వెంబడి ఒక గొలుసు వెడల్పున, అంటే దాదాపు 20 మీటర్లు, లైసెన్సు ఉన్నవాళ్ళందరికీ నడిచే హక్కు దక్కింది. బదులుగా తెగ ట్రస్టు బోర్డుకు ఏటా 3,000 పౌన్లు, లైసెన్సు ఆదాయం ఆ మొత్తం దాటితే పైదాంట్లో సగం. ‘ఎవరైనా పట్టుకోవచ్చు’ అన్న మాట గొప్పదే. అది నిలబడింది మాత్రం తూఫరెతోవా వదులుకున్న నేల మీద.

గైడ్ వృత్తి రూపు కట్టింది కూడా సరిగ్గా ఆ ఏళ్ళలోనే. 1924లో అలన్ పై అనే ఐరిష్ దేశస్థుడు హుకా జలపాతం దగ్గర వేటగాళ్ళ కోసం ఒక బస పెట్టాడు. మొదట్లో గుడారాలతో సాగిన ఆ హుకా లాడ్జ్ తరువాత రాజవంశీయులు దిగే చోటయింది. 1926లో అమెరికన్ నవలా రచయిత జేన్ గ్రే వచ్చి టొంగరిరో ఒడ్డున మకాం వేశాడు. ఆ యాత్ర మీద అతను రాసిన పుస్తకం న్యూజిలాండ్ నదులను ప్రపంచ వేటగాళ్ళకు కలల గమ్యంగా మార్చింది. అతనికి నది చూపించినవాడు హోకా డౌన్స్ అనే మావోరీ గైడ్. ఏ మడుగులో చేప ఎప్పుడు ఆగుతుందో, వాన తరువాత ఎన్నాళ్ళకు కదులుతుందో తెలిసినవాళ్ళు స్థానికులే మరి. ఇప్పటికీ టొంగరిరో మడుగుల్లో ఒకటి డౌన్స్ పూల్. 1927లో వచ్చిన యార్క్ డచెస్ పేరిట మరొకటి డచెస్ పూల్.

స్కాట్లండు గిల్లీకీ ఈ గైడ్‌కూ తేడా అక్కడే ఉంది. ఇతనికి యజమాని లేడు. రేపు అదే అతిథి గైడ్ లేకుండా, లైసెన్సు ఒక్కటే కొనుక్కుని, అదే మడుగులో దిగవచ్చు. కాబట్టి గైడ్ తన పనితనంతోనే మళ్ళీ పిలిపించుకోవాలి.

ఆ పనితనం బాగా కనిపించేది దక్షిణ దీవి కొండనదుల్లో. అక్కడి నీరు ఎంత తేట అంటే, రెండు మూడు మీటర్ల లోతున గులకరాళ్ళను లెక్కపెట్టవచ్చు. గైడ్ పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని, టోపీ అంచు కిందికి లాగి, అతిథి కంటే ముందు గట్టు మీద నడుస్తాడు. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి ఉంటుంది కనుక వెనక నుంచే సమీపించాలి. అతను వెతికేది చేప ఆకారాన్ని కాదు. అడుగున రాళ్ళ మీద కదిలే నీడను, నోరు తెరిచినప్పుడు క్షణంపాటు మెరిసే తెలుపును. కనబడగానే చెయ్యెత్తి అతిథిని ఆపుతాడు. రాయి తిప్పి కింద ఏ పురుగుందో చూసి, దానికి సరిపోయే ఫ్లై కడతాడు. ఎంత దూరం, ఏ రాయికి ఎంత పైన పడాలో గొంతు తగ్గించి చెబుతాడు. రెండో విసురుకు చేప ఉండకపోవచ్చు.

అడవి లెక్కలూ తెలియాలి. కొన్నేళ్ళకోసారి అక్కడి అడవుల్లో బీచ్ జాతి చెట్లు విరగకాస్తాయి. గింజలు రాలితే ఎలుకలు పెరుగుతాయి. రాత్రిళ్ళు వాగులు ఈదబోయిన ఎలుకలను బ్రౌన్ ట్రౌట్ మింగి బలుస్తుంది. అలాంటి ఏడాదిని ‘ఎలుకల ఏడు’ అంటారు. విదేశీ అతిథులు హెలికాప్టర్ల మీద లోపలి లోయలకు పోటీపడేది ఆ ఏడే.

ఈ పోటీ పెరిగేకొద్దీ కట్టుబాట్లూ పెరిగాయి. 1990లో పాత అక్లిమటైజేషన్ సొసైటీల స్థానంలో ఫిష్ అండ్ గేమ్ కౌన్సిళ్ళు వచ్చాయి. లైసెన్సు సొమ్ముతోనే అవి నడుస్తాయి. విదేశీయులకు రుసుము ఎక్కువ. 2004లో సౌత్‌లండ్‌లోని వయావు నదిలో డిడిమో అనే విదేశీ శైవలం బయటపడింది. రాళ్ళ మీద మురికి ఉన్నిలా పరుచుకుని పురుగుల బతుకును చెరిపేసే ఈ జీవి ఒక్క చుక్క నీటిలో కూడా ప్రయాణం చేయగలదు. 2008లో అడుగున ఫెల్ట్ ఉన్న బూట్లను నిషేధించారు. ఒక నది నుంచి ఇంకో నదికి మారే ముందు సామాన్లు తనిఖీ చేసి, కడిగి, ఆరబెట్టడం గైడ్ దినచర్యలో భాగమైంది.

దేశవాళీ చేపల లెక్క మాత్రం అంత సులువుగా తేలదు. మావోరీలు ఉపోకొరొరో అని పిలిచే గ్రేలింగ్ చేప ఒకప్పుడు నదుల్లో గుంపులుగా తిరిగేది. అడవుల నరికివేతతోపాటు ట్రౌట్ కూడా దాన్ని దెబ్బతీసి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. చట్టం దానికి రక్షణ ఇచ్చింది 1951లో. అప్పటికే అది కనుమరుగైపోయింది. కోఆరో అదృష్టం కొంత మెరుగు. జలపాతాల తడి రాళ్ళను పాకి ఎక్కగలదు కనుక, ట్రౌట్ చేరలేని పైవాగుల్లో బతుకుతోంది.

1992లో ప్రభుత్వం టౌపో సరస్సు అడుగునేల మీద హక్కును తూఫరెతోవా ట్రస్టు బోర్డుకు తిరిగి రాసిచ్చింది. 2007లో ఆ ఒప్పందాన్ని సవరించి, అక్కడ వ్యాపారం చేసేవాళ్ళకు అనుమతులిచ్చే అధికారాన్ని బోర్డుకు స్పష్టం చేసింది. సరదాగా గాలం వేసేవాళ్ళకు దారి ఎప్పటిలాగే తెరిచి ఉంది. 1926లో జరగాల్సింది 66 ఏళ్ళు ఆలస్యంగా జరిగింది. చేప ఎవరి సొత్తూ కాకూడదన్న వలసదారుల మాట, ఆ నేల తమదన్న తెగ మాట ఒకేచోట నిలవగలవని ఈ ఏర్పాటు చూపిస్తోంది. నార్ఫోక్ ఓడను, మంచు పెట్టెలను ఉత్సాహంగా వర్ణించే గైడ్లు, అదే గట్టు మీద నిలబడి, ఈ ఒప్పందం గురించీ కోఆరో గురించీ కూడా తమ అతిథులకు చెప్పాలి.