నిలుచుటయు, నిలుపుటయు

ఖైరతాబాదునుండి అమీరుపేటకు పోవువారికి దారిలో పంజాగుట్టయొద్ద నిమ్సు ఆసుపత్రి కానవచ్చును. నేడు గుండెకును మెదడుకును మూత్రపిండములకును చికిత్స జరుగు ఆ స్థలము మొదట ఎముకలకును కీళ్లకును ఏర్పడినదని యెరిగినవారు కొలదిమందియే. నిజాము ధర్మనిధి ద్రవ్యసాహాయ్యముతో 1960 దశకమున అది నిజాము ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా వెలసినది. 1989 నాటి శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందినది. మానవదేహము తన బరువును తానెట్లు నిలుపుకొనుచున్నదో తెలుపు శాస్త్రమునకును ఈ ఆసుపత్రికిని గల యొక సంబంధమును చెప్పుటయే నా యుద్దేశము.

కీళ్ల స్వరూపమును మనవారు చిరకాలము క్రిందటనే పరిశీలించిరి. సుశ్రుతుడు సంధులను ఎనిమిది విధములుగా విభజించి, మోచేయి మోకాళ్లను కోరసంధులనియు, తుంటికీలును ఉలూఖలసంధి యనియు చెప్పెను. ఉలూఖలమనగా రోలు. తొడయెముక తల రోటిలో రోకలివలె తిరుగునని గ్రహించిన ఆ చూపు మెచ్చదగినది. అయితే ఆ కీలుమీద ఎంత బరువు పడుచున్నదను లెక్క ఆ గ్రంథమున లేదు. ఆ లెక్క వేసినవాడు ఇటలీ దేశీయుడగు బొరెల్లి (1608–1679). అతని గ్రంథము మరణానంతరము 1680లో వెలువడినది.

బొరెల్లి చెప్పినది వినుటకు వింతగా నుండును. ముంజేతిని నేలకు సమానాంతరముగా నుంచి అయిదు కిలోల నీళ్లచెంబును పట్టుకొంటిమనుకొందము. చెంబు మోచేతికి సుమారు 35 సెంటీమీటర్ల దూరమున నున్నది. దానిని నిలుపు కండ ముంజేతి యెముకను పట్టుకొన్నచోటు కీలుకు అయిదు సెంటీమీటర్ల దూరమే. త్రాసులో ముల్లునకు దగ్గరనుండు బరువు హెచ్చుగా నుండవలెను గదా! కనుక కండ లాగవలసినది ముప్పదియైదు కిలోల బలము. కీలుమీద పడు ఒత్తిడి ముప్పది కిలోలు. ముంజేతి బరువును ఈ లెక్కలో చేర్చనేలేదు. చేయి కదలకున్నను కండ పనిచేయుచునే యున్నది. కదలలేదని మన మది విశ్రాంతి యనుకొందుము. చంకన బిందె నెత్తుకొన్న స్త్రీ రెండవవైపునకు ఒరుగుటయు ఈ కారణముననే. ఒరగనిచో నడుము కండలు ఆ వంపును తామే లాగి నిలుపవలసివచ్చును.

ఇక నిలుచుట. తిన్నగా నిలిచినవాని బరువుగీత మోకాటికీలునకు కొంచెము ముందుగా దిగును. అందుచే మోకాలు ముందునకు వంగక వెనుకకు బిగుసుకొనును; వెనుకనున్న బంధనములు దానిని ఆపును. తొడ ముందరి కండకు అప్పుడు దాదాపు పని యుండదు. సంతలో గంటలతరబడి నిలువగలుగుట ఈ యమరికచేతనే. కాని మోకాలు ఇంచుక వంగి, ఆ గీత కీలుకు వెనుకకు జరిగినదా, ఆ కండ లాగితీరవలెను. అది చచ్చుబడినవాడు కూలబడును.

పోలియో ఈ కండనే పెక్కుచోట్ల హరించినది. ఆ సూక్ష్మజీవి వెన్నుపాములో కండలను నడుపు నరకణములను చంపును. స్పర్శజ్ఞానము మాత్రము చెడదు. మా బడిలో అట్టి బాలుడొకడుండెను. అడుగడుగునకు అరచేతితో తొడను వెనుకకు నొత్తుకొనుచు నడచుచుండెను. ఉపాధ్యాయుడొకరు అతనిని ముసలివానివలె వంగవలదనియు, చేయి తీయుమనియు గద్దించిరి, తీసి పడినాడు. మేము నవ్వితిమి. ఇంటివారు పూర్వజన్మ కర్మ యనిరి. ఆ పిల్లవాడు చేసినది బొరెల్లి లెక్కయే: లేని కండకు బదులు చేతిని నియోగించినాడు. ఈ సంగతి నాకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టినది.

అట్టి పిల్లలకు వైద్యులిచ్చునది ఇనుపకడ్డీల కాలిపరు. తోలుపట్టీలు, బరువైన బూటు, మోకాటికి గడియ. అంతయు కలిసి మూడు కిలోలకు పైబడును. కూర్చుండి కాలు చాచియెత్తినచో ఆ బరువు తుంటికి నలువది సెంటీమీటర్ల దూరమున నున్నదనియు, ఎత్తు కండ పట్టు కీలుకు అయిదు సెంటీమీటర్లనియు కొన్నచో, దానికొరకే ఇరువదినాలుగు కిలోల బలము అదనముగా కావలెను. బలహీనమైన కాలికి చేసిన సాయమిది!

అగ్ని క్షిపణి 1989 మే 22న తొలిసారి యెగిరినది. దానికొరకు తేలికయు దృఢమునైన మిశ్రపదార్థములను హైదరాబాదు రక్షణపరిశోధనశాలలో తయారుచేసిరి. ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు తమ యుపన్యాసములలో పలుమారులు చెప్పిన సంగతి యిది: నిమ్సు ఎముకల వైద్యుడొకరు పరిశోధనశాలకు వచ్చి ఆ పదార్థమును చేతనెత్తి, దాని తేలికకు విస్మితులై, కలాంగారిని పంజాగుట్టకు తీసికొనిపోయి ఇనుము నీడ్చుచున్న పిల్లలను చూపిరట. మూడు వారములలో మూడువందల గ్రాముల ఊతలు సిద్ధమైనవి.

పదార్థము తేలికయగుట సగము మాత్రమే. ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అను ఈ ఊత మోకాటి క్రిందనే యుండును. తొడకు కడ్డీ లేదు, గడియ లేదు. చీలమండను కదలనీయని గట్టి తొడుగు అది. దాని పైయంచు మోకాటి క్రింద పిక్కయెముకకు ముందువైపున ఆనును. పాదము ముందుభాగము నేలనొత్తగా, నేల తిరిగియొత్తు బలము మోకాటికి ముందుగా పైకి పోవును, తొడుగు పిక్కయెముకను వెనుకకు త్రోయును, మోకాలు చక్కబడును. ఆ బాలుని అరచేతి పని ఇక్కడ నేల చేయుచున్నది. మోకాలు వంగి బిగుసుకొనిపోయినవారికి మాత్రము ఇది కుదురదు. వారికి ముందుగా కాలు చక్కజేయు చికిత్స కావలెను. పిల్లవాడు ఎదిగినకొలది ఊతను మార్చుచుండవలెను.

మన దేశమున సహజ పోలియో తుదికేసు 2011 జనవరిలో వంగదేశమున కనబడినది. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ప్రకటింపబడినది. అంతకుముందు పడినవారు మాత్రము మనలో నున్నారు, నా యీడువారు. మొన్న అమీరుపేట బస్సు నిలుచుచోట ఆ సహాధ్యాయుని కలిసికొంటిని. చేయి తొడమీదనే యున్నది. మోకాలు బాగుగనే యున్నదనియు, ఇన్నియేండ్లు ఒత్తినందున ఇప్పుడు భుజము నొచ్చుచున్నదనియు చెప్పినాడు. ఊతను గూర్చి నేను చెప్పగా, మణికట్టునుండి తొడవరకు ఒకమారు చూచుకొని, దాని ఖరీదెంత యని అడిగినాడు.