జఠర క్యాన్సర్: కణితి తెగను బట్టి మారే తప్పించుకునే దారి

2014లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 జఠర కణితుల జన్యువులను పరిశీలించి వాటిని నాలుగు తెగలుగా విడదీసింది: ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవి, మైక్రోశాటిలైట్ అస్థిరత ఉన్నవి, జన్యుపరంగా స్థిరమైనవి, క్రోమోజోముల అస్థిరత ఉన్నవి. రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పే తీరు కూడా ఈ తెగలను బట్టే మారుతుందని, చికిత్స అక్కడి నుంచే మొదలవ్వాలని ఈ వ్యాసం వాదన.

కణితి పుట్టకముందే ఈ కథ మొదలవుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా విడుదల చేసే వాక్‌-ఏ అనే విషపదార్థం రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాల వృద్ధిని అడ్డుకుంటుంది. బాక్టీరియా సోకిన జఠర పొర కణాలపై పీడీ-ఎల్1 ప్రోటీన్ కూడా పెరుగుతుంది. ఇది టీ-కణం మీది పీడీ-1 గ్రాహకానికి అతుక్కుని దాని దాడిని ఆపుతుంది. ఏళ్ల తరబడి సాగిన ఇన్ఫెక్షన్ ఇలా క్యాన్సర్‌కు ముందే రక్షణ కల్పించి పెడుతుంది.

వైరస్ సోకిన తెగలో టీ-కణాలు గుంపులుగా చేరతాయి. అయితే ఈ తెగ కణితులు కొన్నింటిలో తొమ్మిదో క్రోమోజోముపై పీడీ-ఎల్1, పీడీ-ఎల్2 జన్యువుల ప్రతులే పెరిగిపోతాయి. పీడీ-1తో వాటి బంధాన్ని తెంచితే టీ-కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయి. 2018లో వెలువడిన కొరియా అధ్యయనంలో పీడీ-1 నిరోధకమైన పెంబ్రోలిజుమాబ్ తీసుకున్న 61 మందిలో ఈ తెగవారు ఆరుగురే, ఆరుగురికీ కణితి తగ్గింది. సంఖ్య చిన్నదే అయినా దాన్ని తోసిపుచ్చలేం.

మైక్రోశాటిలైట్ అస్థిరత ఉన్న కణితుల్లో ఉత్పరివర్తనలు చాలా ఎక్కువ. అందుకే టీ-కణాలు వాటిని తేలిగ్గా పోల్చుకుంటాయి. అయితే కొన్ని కణితులు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువును పోగొట్టుకుని, టీ-కణాలు గుర్తుపట్టే యాంటిజెన్‌ను కణం పైకి తెచ్చే వ్యవస్థనే దెబ్బతీసుకుంటాయి. పోల్చుకోవడానికి గుర్తే లేనప్పుడు టీ-కణాన్ని మేల్కొలిపినా ఫలితం దక్కడం కష్టం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్థిరమైన తెగ. ఇందులో ఎక్కువ భాగం విస్తృత (డిఫ్యూజ్) రకం కణితులు. వీటిలో కొన్నింట కనిపించే ఆర్‌హెచ్‌ఓఏ జన్యు మార్పును జపాన్ పరిశోధకులు 2020లో లోతుగా వివరించారు. ఆ మార్పు కణం లోపల సంకేతాలు మోసే పీఐ3కే మార్గాన్ని ప్రేరేపిస్తుంది. టీ-కణాలను రప్పించే సీఎక్స్‌సీఎల్10, సీఎక్స్‌సీఎల్11 అనే ప్రోటీన్లు తగ్గిపోతాయి. కణితిలో ఉచిత కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. దాడి చేసే టీ-కణాల కంటే నియంత్రక టీ-కణాలే వీటిని బాగా వాడుకోగలవు. దాడిని అణచేవే అక్కడ బలపడతాయి. ఎలుకల్లో ఇలాంటి కణితులు పీడీ-1 నిరోధకానికి లొంగలేదు, పీఐ3కే నిరోధకాన్ని జోడిస్తే లొంగాయి.

దాదాపు సగం కణితులు క్రోమోజోముల అస్థిరత ఉన్న తెగకు చెందినవే అయినా, అందులో ఒకే ప్రధాన మార్గాన్ని చూపడం కష్టం.

తెగలను కలిపి లెక్కిస్తే ఈ తేడాలు సగటులో మునిగిపోతాయి. 2021లో ప్రచురితమైన చెక్‌మేట్ 649 క్లినికల్ ట్రయల్‌లో, కణితిలో పీడీ-ఎల్1 ఎంత ఉందో చెప్పే స్కోరు ఐదు, ఆపైన ఉన్న రోగుల మధ్యస్థ జీవితకాలం కీమోథెరపీతో 11.1 నెలలు, దానికి పీడీ-1 నిరోధకమైన నివోలుమాబ్ జోడిస్తే 14.4 నెలలు. ఈ మూడు నెలల వెనుక ఎంతో మేలు పొందినవారూ, ఏమీ పొందనివారూ ఉన్నారు.

అందుకే ఎండోస్కోపీ చేసే వైద్యులకు ఒక విన్నపం. బయాప్సీకి ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టకుండా ఆరు నుంచి ఎనిమిది తీయండి. పీడీ-ఎల్1 స్కోరు లెక్కించాలంటే కనీసం వంద సజీవ క్యాన్సర్ కణాలు కావాలి. మైక్రోశాటిలైట్ అస్థిరతను పట్టిచ్చే డీఎన్ఏ మరమ్మతు ప్రోటీన్ల పరీక్ష, వైరస్ పరీక్ష కూడా అదే కణజాలంపై చేయవచ్చు. మందు మొదలుపెట్టకముందే వాటిని చేయించండి.