కైఫీయతులో ఒక కేళిక

బెలుం గుహల్లో సప్తస్వరాల గుహ అనే చోటుంది. అక్కడ వేలాడే సున్నపురాతి ఊడలను కర్రతో తడితే లోహం మోగినట్టు స్వరాలు పలుకుతాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహలు 3,229 మీటర్ల పొడవు. జనం చూడటానికి 2002లో తెరిచారు. రాయిని కరిగిస్తూ నీరు చేసిన దారులివి. అయితే ఆ నీరు తోచినట్టల్లా పారలేదు, పగుళ్లు దొరికినచోటే పారింది. నాట్యంలో అప్పటికప్పుడు అల్లే కల్పన గురించి ఆలోచించినప్పుడల్లా నాకీ సంగతి గుర్తొస్తుంది.

అలాంటి కల్పన కథ ఒకటుంది. ఈ గుహలకు ఆగ్నేయంగా, కడప దాటితే, పెన్న ఒడ్డున సిద్ధవటం. 16వ శతాబ్ది తొలినాళ్లలో దాన్ని ఏలిన సమ్మెట గురవరాజు, పన్ను కట్టలేనివారి ఇళ్ల ఆడవాళ్లను హింసించి సొమ్ము రాబట్టేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది చూశారు. విజయనగరం చేరి, వీరనరసింహరాయల సముఖంలో కేళిక కట్టారు: ఒకరు గురవరాజు, ఒకరు బాధితురాలు, మరికొందరు భటులు. కథ అర్థమైన రాజు సేనను పంపి గురవరాజును శిక్షించాడు. కల్నల్ మెకంజీ పూనికతో సేకరించిన ఊళ్ల వృత్తాంతాల్లో, అంటే కైఫీయతుల్లో, మాచుపల్లి కైఫీయతు చెప్పే కథ ఇది. దీనికి 1502 అని తేదీ వేయడం వాడుక. కానీ కథలోని వీరనరసింహరాయలు పట్టానికొచ్చింది 1505లో కనక ఆ లెక్క కుదరదు. జరిగిన మూడు శతాబ్దాలకు రాతకెక్కిన జ్ఞాపకాన్ని ఏడాది పట్టుకొని నిలదీయడం కూడా న్యాయం కాదు.

నన్ను పట్టేది వేరే ప్రశ్న. ఆ కేళిక వాళ్లు ఎన్నడూ నేర్వనిది. కళ్లారా చూసిన ఘోరానికి అదివరకు దరువు లేదు, వచనం లేదు. అయినా ఆడగలిగారంటే దుర్మార్గపు దొర నడక, ఏడ్చే ఇల్లాలి చూపు, బంట్రోతు దర్పం వాళ్ల ఒంట్లో ముందే ఉండి ఉండాలి. కొత్తది సన్నివేశం ఒక్కటే.

తరవాతి కాలపు భామాకలాపంలో ఈ పద్ధతి ఇంకా స్పష్టం. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన ఆ కలాపంలో పాటలు కట్టుదిట్టం, వాటి మధ్య సంభాషణ మాత్రం సాగదీసుకోవచ్చు. చెలికత్తె మాధవి మొగుడి పేరు చెప్పమంటుంది, సత్యభామ సిగ్గుపడి చెప్పదు. రాయబారానికి మాధవి ముక్కెర అడుగుతుంది, భామ బేరమాడుతుంది. ఈ బేరం ఎంతసేపు నడపాలన్నది ఆ రాత్రి కూర్చున్న జనాన్ని బట్టి ఉండేది. ఇది బడిలో పాఠంగా చెప్పే విద్య కాదు. చిన్న వేషాలు కడుతూ, పెద్దల పక్కన నిలబడి, వాళ్ల మాటకు మాట అందిస్తూ అబ్బించుకునేది.

20వ శతాబ్దిలో ఆశువుకున్న ఈ జాగా ఇరుకైంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తరవాత ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీల మేజువాణీలు కనుమరుగవుతూ వచ్చాయి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ, రాత్రంతా సాగే ఆటను సభా వేదికకు సరిపోయే నృత్యనాటకంగా మలిచింది. అడుగడుగూ ముందే తీర్చి పెట్టారు. అది తప్పని నేననను. అంతమందికి ఒకే పాఠం చెప్పాలంటే మరో దారి లేదు.

అదే కాలంలో అమెరికాలో ఆధునిక నర్తకులు ఎదురుదిక్కుకు నడిచారు. ఓబర్లిన్ కాలేజీలో 1972లో స్టీవ్ పాక్స్టన్ చేసిన ప్రయోగం నుంచి, ఒకరి బరువు మరొకరి మీద మోపి సాగే ఆశునర్తనం పుట్టింది. దాని తొలిపాఠాల్లో ఒకటి ఊరికే నిలబడటం. కదలకుండా నిలిచి, పడిపోకుండా ఒళ్లు తనంతట తాను చేసుకునే చిన్న చిన్న సర్దుబాట్లను గమనించాలి. ఇప్పుడు మన నగరాల్లోనూ సమకాలీన నృత్యం నేర్చుకునేవాళ్లకు ఇలాంటి పాఠాలు తెలుసు. వాటిని పరాయివని తోసేయక్కర్లేదు, మనకు ఆశువే తెలియనట్టు అందుకోనూ అక్కర్లేదు.

మన ఆశువుకు మరో మచ్చు: కళావంతులు కూర్చునే క్షేత్రయ్య పదం అభినయించేవారు. పల్లవిలోని ఒకే మాటకు ఒకసారి నిష్ఠూరం, ఒకసారి పరిహాసం, మరోసారి తెలిసీ తెలియనట్టు నటించడం. ఆ భావాలు తీరేదాకా పాడేవారు అదే పంక్తిని తిప్పి తిప్పి పాడుతూనే ఉండేవారు. అభినయించే ఆమె కనుసన్న చేశాకే చరణం ఎత్తుకునేవారు. రికార్డు చేసిన పాటకు ఆడుతున్నప్పుడు చరణం దాని వేళకు అది వచ్చేస్తుంది.